శుక్రవారం చేసిన నకలు

రెండు వేల పది ప్రాంతంలో నేను హోసూరులోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో సర్వర్లు చూసుకునేదాన్ని. మాది వేప్పనపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఉద్యోగం పర్మనెంటయి అప్పటికి నాలుగు నెలలే. ఫ్యాక్టరీకి నిజంగా ఉన్నవి రెండు పెద్ద యంత్రాలు. వాటి లోపల పదకొండు సర్వర్లు ఉత్త ఫైళ్ల రూపంలో నడిచేవి. ఆ ఫైళ్లన్నీ ఉండే చోటు, మేం వాల్యూమ్ అనేది, మాత్రం పక్కనున్న డిస్కుల పెట్టెలో ఉండేది.

ఒక సోమవారం ఆ పెట్టెను నడిపే కార్డు పాడవుతోందని హెచ్చరిక వచ్చింది. మార్చడానికి కృష్ణగిరి నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చాడు. యాభై దాటిన నెమ్మదస్తుడు. కొత్త కార్డు పెట్టి పెట్టెను ఆన్ చేస్తే యంత్రాలకు వాల్యూమ్ కనబడలేదు. సర్వర్లు లేవలేదు. గేట్ పాసులు రాక, సరుకు ఎక్కిన లారీలు లోపలే నిలిచిపోయాయి.

మేనేజరు సర్వర్ గదిలోకి వచ్చాడు.

"ఏమప్పా, పొద్దున దాకా నడస్తా ఉండె. నువ్వు చెయ్యి పెట్టినాకే కదా పోయింది?"

"కార్డు మంచిదే సార్. యాడ పోయిందో చూస్తా ఉండాను" అన్నాడు ఇంజనీరు.

నేను కీబోర్డు ముందు కూర్చుని, యంత్రానికి ఏ వాల్యూమ్‌లు కనిపిస్తున్నాయో అడిగే కమాండ్ కొట్టాను. ఒకే పేరు, ఒకే గుర్తింపు సంఖ్య రెండుసార్లు వచ్చాయి. నకలు ఉంది కాబట్టి వాడుకలోకి ఎక్కించడం కుదరదని రెండింటి కిందా రాసి ఉంది.

ఆ నకలు నేను చేసిందే. శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ పెట్టేముందు, ఏమన్నా అయితే ఉంటుందని వాల్యూమ్ మొత్తాన్ని పెట్టెలోనే కాపీ చేసి యంత్రాలకు కనబడకుండా దాచాను. పని బాగానే అయింది. కాపీ తీసెయ్యడం మరిచి బస్సు కోసం పరిగెత్తాను. దాచినదాన్ని ఇప్పుడు కొత్త కార్డు బయటపెట్టింది.

చెప్పాలి. చెప్పలేదు. ఇంజనీరు వైర్లు పీకుతూ పెడుతూ ఉన్నాడు. మేనేజరు రెండుసార్లు వచ్చి తిట్టి వెళ్లాడు. నేను తల వంచుకుని అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొట్టాను. గంట గడిచింది.

మూడోసారి మేనేజరు ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు. "మీ ఆఫీసుకే చెప్తా. నిన్ను ఇంక ఈడికి పంపొద్దంటా."

"సార్, ఆయన తప్పు కాదు" అన్నాను లేచి. "శుక్రవారం నేను కాపీ చేసినాను. తీసేసేది మర్చిపోయినాను. రెండూ ఒకటే మాదిరి ఉండేసరికి యంత్రం దేన్నీ తీసుకోలే."

ఇద్దరూ నా వైపు చూశారు. మేనేజరు ఫోను దించాడు. "సరే, ఏదో ఒకటి ఎక్కించు."

"పాతది ఎక్కిచ్చి సర్వర్లు లేపితే శనివారం నుంచి చేసిన పని కనపడదు సార్."

ఏది అసలో ఏది నకలో పెట్టెలో కూడా తెలియలేదు. కొత్త కార్డు నంబర్లన్నీ మార్చేసింది. ఇంజనీరు ఒకదాన్ని యంత్రాలకు కనిపించకుండా చేశాడు. మిగిలినదాన్ని నేను తాత్కాలికంగా మాత్రమే ఎక్కించి, ఒక్క సర్వర్ కూడా లేపకుండా, ఫైళ్ల తేదీలు చూశాను. అన్నీ శుక్రవారం సాయంత్రం దగ్గరే ఆగిపోయాయి. అది నకలు. మరి ఇంజనీరు కనబడకుండా చేసింది అసలేనా, అది చెడిపోలేదు కదా అనుకున్నాను.

దాన్ని దించేశాను. ఆయన దాన్ని దాచి రెండోది చూపించాడు. ఎక్కించాను. తేదీలన్నీ ఆ సోమవారానివే. అది శాశ్వతంగా ఉండిపోయేలా చేసే కమాండ్ అప్పుడు కొట్టాను, ప్రతి అక్షరం రెండుసార్లు చూసుకుని. గేట్ పాసు సర్వర్ లేచేసరికి మేనేజరు బయటికి వెళ్లిపోయాడు, ఇంజనీరుతో ఒక్క మాట కూడా అనకుండా.

ఆయన స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటూ అన్నాడు: "గంట సేపు నన్ను తిట్టిస్తా కూచున్నావు కదమ్మా."

"భయమేసింది సార్."

"నాకు మాత్రం ఉద్యోగం కాదా?"

మేనేజరు అడిగిన సంజాయిషీలో ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఉద్యోగం పోలేదు. మరుసటి రోజు ఆ నకలును తీసేశాను.

రెండు నెలల తరువాత ఆయన మళ్లీ వచ్చాడు. సంచి దించకముందే, "నకళ్లు ఏమన్నా పెట్టుండావా అమ్మా?" అని అడిగాడు.

"లేవు సార్."

తల ఊపి, నా కుర్చీలో కూర్చుని, వాల్యూమ్‌లు చూపించే ఆ కమాండ్ తనే కొట్టి చూసుకున్నాడు.