రెండు టిష్యూ పొట్లాలు

వై టూ కే పని మీద సింగపూర్ వెళ్ళి నెలైనా తెలుగులో ఒక్క మాట ఆడలేదు. ఒక ఆదివారం పొద్దున తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే జురాంగ్ ఈస్ట్ హాకర్ సెంటర్లో, ఖాళీ బల్ల మీదున్న టిష్యూ పొట్లాం ఎవరో మరిచిపోయారనుకుని పక్కకు తోసి కూర్చున్నాను. ఇంతలో కాఫీతో ఒక పెద్దాయన వచ్చాడు.

“అయ్యో, మీదా?” అన్నాను, కంగారులో తెలుగులోనే.

“తెలుగబ్బాయివా! టిష్యూ పెడితే సీటు చోప్ చేసినట్టు లా, ఇది మనదీ అని. పర్లేదు, కూర్చో.”

తాతల నాడే విశాఖ నుంచి వచ్చిన కుటుంబమట; మాట చివర ఆ ‘లా’ సింగపూర్ అలవాటు. ఎదుటి ఫ్లాట్ల పిట్టగోడ మీదున్న నీలిరంగు పిట్టను చూపించాడు.

“చలికాలం ఉత్తరాన్నుంచి ఏటా అక్కడికే వస్తాది. ఒంటరిగానే ఉంటాది. ఇంకోటొస్తే తరిమేస్తాది.”

“తోడు వద్దా అంకుల్?”

“దానికొద్దు లా.”

పై ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన కాఫీ వరసలో ఉన్నాడు. బల్ల మీద రెండు టిష్యూ పొట్లాలున్నాయి.