బాల్వాడిలో సేఠ్

మా మనవరాలిని బాల్వాడిలో ఉంచుకోవడానికి బెన్ ఒక నెల గడువు పెట్టింది. బెన్ అంటే అక్కడి టీచరమ్మ. సూరత్‌లో అందరూ అలాగే పిలుస్తారు. పిల్లకు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచీ చెవులు వినిపించవు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు గానీ, దాన్ని రోజుకోసారి పీకి ఎవరో ఒకరి టిఫిన్ డబ్బాలో దాచేది.

"బా, నేను పిలిస్తే పలకదు, కూర్చోమంటే కూర్చోదు. నెలాఖరుకు పై ఆఫీసు మేడమ్ చూడడానికి వస్తుంది. అప్పటికి కుదరకపోతే ఊరవతల చెవిటి పిల్లల బడికి పంపమని రాసేస్తాను," అంది బెన్. బా అంటే నానమ్మ. ఆమెది గుజరాతీ, నాది కార్ఖానాలో నేర్చిన హిందీ. ఇద్దరి మాటలూ ఇక్కడ తెలుగులోనే చెబుతున్నాను.

ఆ బడి మంచిదే అయ్యుండొచ్చు. కానీ సూరత్ అంచున మేముండే కోసాడ్‌లో, మా బిల్డింగు మెట్ల మీద ఆడుకునే పిల్లలంతా ఈ బాల్వాడికే వస్తారు. పొద్దున్నే వాళ్లందరూ ఒక దిక్కు, మా పిల్ల ఒక్కతే బస్సెక్కి ఇంకో దిక్కు పోవడం నాకు గిట్టలేదు.

"నెల రోజులూ నేను కూడా వచ్చి కూర్చుంటాను," అన్నాను.

నేను రెండో తరగతితో ఆపేసిన దాన్ని. మళ్లీ ఇన్నేళ్లకు బడికి పోయాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కనుక దారాలు కత్తిరించాల్సిన చీరల మూట వెంట తీసుకుపోయాను. ఇంట్లో అయితే నా ఒక్కదానికోసం ఫ్యాన్ తిరగాలి. బాల్వాడి ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది.

మొదటి రోజు బెన్ పాట పాడుతుంటే మా పిల్ల రంగునీళ్ల డబ్బా ఎత్తి పక్కపిల్ల తల మీద వంచబోయింది. బెన్ కేకలు వేసింది. ఎవరికి వినపడాలి? నేను కత్తెర కింద పెట్టి, పిల్ల కంట పడేలా అరచేతిని గాలిలో అడ్డంగా కోశాను. ఠక్కున ఆగిపోయింది.

"బా, ఏం మంత్రం వేశారు?"

మంత్రం లేదు, గింత్రం లేదు. ఇరవై ఏళ్లు సాంచాల కార్ఖానాలో కండెలు చుట్టాను. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవన్నీ ఒక్కసారి ఆడుతుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ మాటంతా చేతులతోనే. అరచేతిని కోస్తే మిషన్ ఆపమని. రెండు వేళ్లు విరిచినట్టు చూపిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ కావాలని. నేనూ, కొడుకూ, కోడలూ ముగ్గురం కార్ఖానా మనుషులమే, ఇంట్లో కూడా సగం మాటలు చేతులతోనే అయిపోతాయి. పిల్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి పట్టేసింది.

బెన్ ఆ రోజే నాలుగు సైగలు నేర్చుకుంది. పిల్లలు అంతకన్నా ముందే నేర్చేశారు. వారం తిరిగేసరికి ఒకరు చిటికెన వేలు ఎత్తితే ముప్పైమందీ ఎత్తి ఒంటేలుకు వరుస కట్టేవారు. పోయొచ్చిన వాళ్లు మళ్లీ వరుస చివర నిలబడితే, చెవి మెలిపెడతానని సైగ చేశాను. మర్నాటి నుంచి వాళ్లకు అదే పెద్ద తిట్టు. మా పై అంతస్తు ఆమె పోట్లాటకు వచ్చింది: రొట్టె తుంచిన ప్రతిసారీ వాళ్ల పిల్ల పోగు తెగిందని చూపిస్తోందట!

ఇంకో మార్పు కూడా గమనించాను. పొద్దున మనవరాలు ముందు ఉరికేది, నేను మోకాళ్లు పట్టుకుని వెనక వచ్చేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పిల్లలంతా తలలు వంచుకుని పనిలో ఉండేవారు. నా వల్లే ఈ గదికి క్రమశిక్షణ వచ్చిందని లోలోపల పొంగిపోయాను.

నెలాఖరున మేడమ్ వచ్చింది. ఆమెను కిటికీలోంచి ముందుగా చూసింది మా పిల్లే. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది, చూసినవాళ్లూ తిప్పారు. అంతే. ముప్పైమందీ పనిలో పడ్డారు. ఒకతి పూసలు డబ్బాలోంచి తీసి మళ్లీ డబ్బాలోనే పోస్తోంది. ఒకడు చీపురు తిరగేసి ఊడుస్తున్నాడు. చప్పుడు లేదు.

మేడమ్ అనుమానంగా చూసింది. "ఇంత నిశ్శబ్దమా? పిల్లల్ని కొడుతున్నారా?"

బెన్ అడ్డంగా తలూపింది. మేడమ్ చేతిలో కాగితం ఉంది, అందులో మా పిల్ల పేరు ఉంది. గట్టిగా ఆ పేరు పిలిచింది. ఎవరూ తలెత్తలేదు. చప్పట్లు కొట్టింది. చెవులున్న ఇరవై తొమ్మిదిమందీ కదల్లేదు. వినపడని పిల్ల ఎవరో ఆమెకు తేలలేదు.

దగ్గరున్న పిల్లను పట్టుకుని, "నేను వస్తుంటే కిటికీలోంచి కనిపించింది, అందరూ పొట్ట మీద చెయ్యి తిప్పారెందుకు?" అని అడిగింది.

"సేఠ్ వచ్చాడని. సేఠ్ వస్తే పని చేస్తున్నట్టు కనపడాలి."

మేడమ్ తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని కొంగు సర్దుకుంది. "ఎవరా సేఠ్?"

ముప్పై వేళ్లు నా వైపు తిరిగాయి.

పొట్ట మీద చెయ్యి తిప్పడం కార్ఖానాలో సేఠ్‌కు, అంటే యజమానికి, సైగ. అసలు నాకు పొట్ట ఎక్కడిది?

అంతలో మనవరాలు లేచి మేడమ్ ముందు నిలబడి, బొటనవేలు పెదవికి ఆనించి, కనుబొమ్మలు ఎగరేసింది.

"చాయా? తాగుతాను," అని తలూపింది మేడమ్. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, తను మాట్లాడింది ఎవరితోనో. బెన్ వైపు తిరిగి, "నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఈ పిల్లను ఎక్కడికి పంపుతారు? ఇక్కడే ఉండనివ్వండి. అక్షరాలు సైగలతో నేర్పే టీచరును వారానికోసారి పంపిస్తాను," అంది.

సాయంత్రం ఇంటికి పోయి కొడుకును నిలదీశాను. "ఏందిరా, నేను సేఠ్‌నా?"

"మరి గాదా అమ్మా? నువ్వు మెట్లెక్కుతున్నవంటే నేను పొట్ట మీద చెయ్యి తిప్పుత, ఫ్యాన్ బంద్, టీవీ బంద్. పోరి రోజు చూస్తనే ఉంది గద!"

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మొదలువెట్టింది నేను గాదత్తమ్మా, ఆయనే."

"మంచిగనే ఉంది. సేఠ్ అంటిరి గద, రేపటి సంది నాకు మంచం కాడికి చాయ్ తెచ్చియ్యిర్రి."

ఇప్పుడు బాల్వాడిలో నా అవసరం లేదు. పొద్దున పిల్లను గుమ్మం దాకా దింపుతాను. తను లోపలికి ఉరికి చెయ్యి తిప్పే దాకా గోడ పక్కన ఆగుతాను. తర్వాత తొంగి చూస్తాను. ముప్పై తలలు వంగి ఉంటాయి. వాటిలో మా పిల్లది ఏదో వెతుక్కోవడానికి నాకూ కాస్త టైం పడుతుంది.