సముద్రం లేని ఊరి లంగరు

మా ఇంట్లో ఎవరమూ చెంచాతో తినే వాళ్ళం కాదు. పప్పన్నమైనా, చేపల పులుసైనా చేత్తోనే. అలాంటిది ఇంగ్లీషు దొరల వెండి చెంచాలూ ఫోర్కులూ ఏరుకొచ్చి దాచుకునే పిచ్చి నాకెలా పట్టిందని అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పలేను. పట్టింది, అంతే. ఒకరికి చీరల పిచ్చి, ఇంకొకరికి సినిమాల పిచ్చి, నాకు ఇది.

డెబ్బైల మొదట్లో మాట. నేను వన్ టౌన్‌లో ఒక బడిలో టీచరుని. మా ఆయన పోర్టులో గుమస్తా, ఓడల్లోంచి దిగిన సరుకు లెక్క చూసేవారు. క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. బడి నుంచి బస్టాపుకు వచ్చే సందులో ఒక వెండి కొట్టు ఉండేది. పాత వెండి తూకానికి కొని, కరిగించి, పట్టీలూ మొలతాళ్ళూ చేయించే కొట్టు. ఆడపడుచు కూతురికి పట్టీలు కొందామని వెళ్ళినప్పుడు, కరిగించడానికి పోగేసిన వెండిలో, సొట్టలు పడ్డ కుంకుమ భరిణల మధ్య, పొడుగాటి చెంచా ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకుంటే చల్లగా బరువుగా ఉంది. మూతి అంచు ఒక పక్కనే అరిగింది. ఎవరో మనిషి ఏళ్ళ తరబడి అదే చేత్తో, అదే పక్క నుంచి తిన్నాడన్నమాట. "దీన్ని కరిగించకండి, నాకివ్వండి" అన్నాను. షావుకారు నా వంక జాలిగా చూసి తూకం వేశాడు.

మా బడిలో ఇంగ్లీషు చెప్పే ముసలి ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ ఉండేది. ఆమెకు చూపిస్తే భూతద్దం తెచ్చి, చెంచాని బోర్లించి, కాడ వెనక ఉన్న బుల్లి ముద్రలు చదవడం నేర్పింది. నడుస్తున్న సింహం ఉంటే అసలు వెండి. రాణి తల ఉంటే సర్కారుకు పన్ను కట్టినట్టు. ఒక అక్షరం ఉంటుంది, అది ఏ ఏడు చేశారో చెబుతుంది. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్ష చేశారని, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో చేశారని. అమెరికావాళ్ళకి సింహాలూ లేవు, రాణులూ లేవు, అసలు వెండికి 'స్టెర్లింగ్' అని ఒక్క మాట కొట్టి ఊరుకుంటారట. అదంతా విన్నాక ఇంక నేను ఆగుతానా? వారం వారం ఆ కొట్టు ముందు వాలేదాన్ని. "టీచరమ్మా, మీ సింహం ఒకటొచ్చింది" అని షావుకారే కేకేసేవాడు. వెళ్ళిపోయిన మిషనరీల సామాన్లలోంచి అమెరికా ఫోర్కు ఒకటి దొరికింది. దాని కాడ మీద మెలికలు తిరిగిన అక్షరాలు, ఏ పెళ్ళికూతురి పేరులోవో. ఆ పిల్ల ఎలా ఉండేదో అనుకుంటూ కూర తరగడం మర్చిపోయిన రోజులున్నాయి.

పక్క క్వార్టర్ ఆవిడ మాత్రం ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మో! సచ్చిపోయిన దొర్ల ఎంగిలి సెంచాలు మీకేటికమ్మా? ఆళ్ళు దెయ్యాలై ఒచ్చి నా సెంచా ఏదీ అంటే ఏటి సెప్తారు?" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. దెయ్యాలకు భయపడే మనిషిని కాను నేను.

మా ఆయన మంచి మనిషి. కానీ పిరికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం. టిక్కెట్టు జేబులో ఉన్నా, బస్సులో చెకింగ్ వాళ్ళెక్కితే ఆయనకు చెమటలు పట్టేవి. అయినా నా చెంచాల జోలికి వచ్చేవారు కాదు. ఎమర్జెన్సీ పెట్టేదాకా.

ఆ రోజుల్లో మనుషులు మాట్లాడటం తగ్గించేశారు. దొంగసరుకు దించే, వెండిని దేశం దాటించే స్మగ్లర్లను పట్టుకుంటున్నారని రేడియోలో రోజూ చెప్పేవారు. పోర్టు ఊరు కదా, ఎవరింట్లో చూసినా ఓడవాళ్ళ దగ్గర కొన్న సబ్బో, గడియారమో ఉండేది. మా ఆయన పని చేసే షెడ్డులోనే ఇంకో గుమస్తా ఇంట్లో ఫారిన్ గడియారాలు దొరికాయని తీసుకుపోయారు. ఎక్కడికి తీసుకుపోయారో, ఎప్పుడు వదులుతారో అతని పెళ్ళానికే తెలీదు. ఆవిడ నీళ్ళ కుళాయి దగ్గరికి వస్తే, మేమంతా, సిగ్గులేకుండా చెబుతున్నాను, బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్ళం. భయం అలా ఉండేది.

ఆ సాయంత్రం మా ఆయన నా చెంచాలన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నారు. ఒకదాని దగ్గర ఆగిపోయారు.

"ఇదేటే?"

"లంగరు."

"అంటే ఓడ సెంచా!"

"కాదండీ బాబూ. అది బర్మింగ్‌హామ్ ఊరి గుర్తు."

"ఆ ఊళ్ళో సముద్రం ఉందా?"

"లేదు."

"సముద్రం నేని ఊరికి లంగరు గుర్తేటే? నాను పోర్టులో గుమస్తాని. నా ఇంట్లో లంగరు గుర్తు సెంచాలు! నువ్వు సెప్పింది నాను నమ్ముతాను. ఆళ్ళు నమ్ముతారా?"

నిజమే మరి, సముద్రం లేని ఊరికి లంగరు ఎందుకు పెట్టుకున్నారో నాకూ తెలీదు. తెల్లవాళ్ళ యవ్వారం. అవి నిన్నా మొన్నా ఓడలు దిగి వచ్చినవి కావనీ, మన తాతల కాలంనాటివనీ, ఆ ముద్రలే చెబుతాయనీ ఎంతో నచ్చజెప్పాను. ఆయన తల ఊపారు. అన్నం తినలేదు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన ముందే ఇంటికి వచ్చేసి ఉన్నారు. ముఖం విప్పారి ఉంది. ఎన్నాళ్ళకో నవ్వు. "ఇంక బెంగ నేదు" అంటూ తువ్వాలు విప్పి చూపించారు. సబ్బు బిళ్ళంత వెండి ముద్ద. ఎక్కడో ఎరగని కంసాలి దగ్గరికి వెళ్ళి, చెంచాలూ ఫోర్కులూ అన్నీ ముక్కలు చేయించి, ఎదురుగా నిలబడి కరిగించుకొచ్చారట. "లంగరూ నేదు, సింహం నేదు. వెండి ఎక్కడికీ పోనేదు. ఎప్పుడైనా నీకు గిన్నెలు సేయిత్తాను."

నాకు కోపం వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా రాలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో! "ఏం చేశారండీ మీరు? ఏం చేశారో తెలుసా?" అని అరిచాను, పక్క క్వార్టర్‌కు వినబడుతుందని కూడా చూడకుండా. ఏడ్చాను. ఆ అమెరికా పెళ్ళికూతురి కోసం కూడా ఏడ్చాను. ఆయన బిత్తరపోయి, "నీకోసమే కదే" అంటారు. ఏడుపు తగ్గాక నాకు అసలు సంగతి తట్టింది.

"ఏవండీ, దొంగతనంగా ఓడలకెక్కిస్తున్నారని రేడియోలో చెబుతున్నది ఏ వెండి? చెంచాలా?"

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. ముద్దలు. కడ్డీలు. ఏ గుర్తూ లేని వెండి. నిన్నటిదాకా మా ఇంట్లో ఉన్నవి పాత చెంచాలు, అవి ఎవరివో ఎప్పటివో వాటి వీపు మీదే రాసి ఉంది. ఇప్పుడు ఉన్నది పోర్టు గుమస్తా ఇంట్లో పేరూ ఊరూ లేని వెండి ముద్ద. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం.

నాకు చెంచాలు అమ్మిన షావుకారు దగ్గరికి పరుగెత్తాను. ఇవి మీ కొట్టులో కొన్నవే అని అవసరమైతే ఒక మాట చెప్పమన్నాను. షావుకారు వీధి వైపు చూసి, గొంతు తగ్గించి, "నాను మీకు సెంచాలు అమ్మాను తల్లీ, ముద్ద అమ్మనేదు. పిల్లలు గలోణ్ణి. నన్ను లాగకండి. ఆ ముద్ద నా కొట్టుకి తేకండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేదు. కుళాయి దగ్గర నేను చేసిందీ అదే కదా.

అప్పటినుంచి ఆ ముద్ద మా ఇంట్లో కుదురుగా ఉండలేదు. బియ్యం డబ్బాలో పెడితే మా ఆయన తీసి బొగ్గుల బస్తాలో వేసేవారు. అక్కడినుంచి నీళ్ళ తొట్టెలోకి. చివరికి పొయ్యి కింద బూడిదలో కప్పెట్టాం. వీధిలో జీపు ఆగితే ఇద్దరం దీపం ఆర్పేసి కూర్చునేవాళ్ళం. ఆయన్ని తీసుకుపోతే, ఉద్యోగం పోతే, క్వార్టర్ ఖాళీ చేయమంటే, కుళాయి దగ్గర నా పక్కన ఎవరు నిలబడతారు? ప్రార్థన చేద్దామని మోకరిస్తే కళ్ళు పొయ్యి వైపే పోయేవి.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా సోదాకి వచ్చారు. మా వరసలో క్వార్టర్లన్నీ చూస్తున్నారు. ఏ శాఖవాళ్ళో వాళ్ళు చెప్పలేదు, అడిగే ధైర్యం మాకు లేదు. పెట్టెలు విప్పారు, పరుపు దులిపారు, బియ్యం చాటలో పోయించారు. పొయ్యి దగ్గరికి వచ్చి గిన్నెలు తీసి చూసి, మళ్ళీ పెట్టేశారు. బూడిద ముట్టుకోలేదు. వాళ్ళలో పెద్దాయన మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు నా చేతికిచ్చి గుమ్మం దాటుతున్నాడు. ప్రభువా, గండం గడిచింది అనుకున్నాను.

"సార్" అన్నారు మా ఆయన. "బూడిదలో సూడనేదు మీరు."

ఆ ముద్దనీ ఆయన్నీ జీపులో ఎక్కించారు. నేను వెనకే రిక్షాలో వెళ్ళాను. ఆఫీసు గదిలో ఆ పెద్దాయన ముందు నిలబడి, ఒక్కొక్క చెంచా గురించీ చెప్పాను. సింహం ఎటు తిరిగి ఉండేదో, అక్షరం ఏదో, లంగరు ఎక్కడో, ఫోర్కు మీద పేరు ఎలా మెలిక తిరిగిందో, ఒక్కటీ మరిచిపోకుండా చెప్పాను. పాఠం ఒప్పజెప్పే పిల్లలా చేతులు కట్టుకుని చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విని, "ఇంత బాగా తెలుసంటే, ఇంకెన్ని కరిగించారమ్మా?" అన్నాడు.

సాయంత్రానికి మా ఆయన్ని వదిలేశారు. ముద్ద ఉంచేసుకున్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. "పిలిచినప్పుడు రావాలి. ఊరు దాటి వెళ్ళొద్దు" అన్నారు, అంతే. దారిలో ఆయన్ని అడిగాను, వెళ్ళిపోతున్నవాళ్ళని ఎందుకు పిలిచారని. "ఆళ్ళు ఎల్లిపోతే మళ్ళీ ఒత్తారు కదే. ఆ మళ్ళీ దాకా నాను బతకలేను. ఏటైతే అదైంది, తేలిపోతాదనుకున్నాను" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

తేలలేదు. పిలుపు ఈ వారం వస్తుందని, వచ్చే నెల వస్తుందని చూశాం. ఎమర్జెన్సీ పోయింది, సర్కారు మారింది, మళ్ళీ మారింది. షెడ్డులో ఆ గుమస్తా కూడా తిరిగొచ్చి పనిలో చేరాడు. మాకు పిలుపు రాలేదు. మా ఆయన ఊరు దాటలేదు. చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేదు. సర్కారు రెండోసారి మారిన ఏడు, శీతాకాలంలో అచ్యుతాపురం దగ్గర పల్లెలో మా అత్తగారు పోయారని కబురొచ్చింది. బస్సెక్కితే పూట కూడా పట్టని దూరం. ఆయన చొక్కా వేసుకున్నారు, గుమ్మం దాకా వచ్చారు, గోడ పట్టుకుని నిలబడిపోయారు. "నాను ఎల్లిన్నాడే ఒత్తారే ఆళ్ళు. నువ్వెల్లు" అన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. పెద్దకొడుకు తల్లి మట్టికి రాలేదని అక్కడ నా మొహం మీదే ఉమ్మినంత పని చేశారు. ఏం చెప్పుకోను, ఏమని చెప్పుకోను?

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులకి ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఇంక నావల్ల కాలేదు. ఆయనకు చెప్పకుండా బడికి సెలవు పెట్టి ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఇంకెవరో కుర్రాడు కూర్చున్నాడు ఆ కుర్చీలో. మర్యాదగానే మాట్లాడాడు. పాత రికార్డులన్నీ తీయించాడు, రెండు రోజులు తిప్పుకున్నాడు. మా ఆయన పేరు మీద కేసు లేదు. వెండి పట్టుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. పిలవాల్సిన అవసరమే లేదు. "ఎవరో తీసుకుపోయుంటారమ్మా, మర్చిపోండి" అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. మా ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. కేసు లేదండీ, ఎప్పుడూ లేదు, ఇంక ఎక్కడికైనా వెళ్ళొచ్చు మనం.

"అలాగని రాసిచ్చారా?" అన్నారు.

"లేనిదానికి ఏం రాసిస్తారండీ?"

ఆయన నా వైపు తిరిగారు. అన్నేళ్ళలో ఎప్పుడూ చూడని ముఖం అది.

"కేసు నేదంటే, మరి మాయమ్మ మట్టికి నానెందుకెల్లనేదే?"