అక్క దిగని రేవు

నిన్నటిదాకా నెల రోజులు నాకు ఒక చోట కుదురు లేదు. మా ఊరి వాగులో పూడిక తీసి, గట్టును వాలుగా చెక్కి, చక్రాల కుర్చీ నీళ్ల దాకా దిగేట్టు కమ్మీలతో బాట వేసి, అక్కడ ఊరందరికీ పార్కు కట్టారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి అక్క తీసుకుపొమ్మంటూ వచ్చింది. నేను వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ గడిపాను.

ఈ విడవలూరు వైపు వాగులు ఒకప్పుడు ఎంత నిండుగా పారేవో మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. గట్టున మొగలి పొదలు, ఇసుకలో చెలమలు, పొద్దువాలితే నీళ్ల మీదుగా సముద్రపు గాలి. పక్క పొలాలన్నీ మావే కనుక మా రేవులోకి ఇతరులు దిగేవారు కారు. అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. మా ఇంటి ఆడపిల్లను ఎత్తుకుని దించడం నలుగురి కంటా పడకూడదని తాతయ్య పట్టుదల. అందుకని గూడుబండిలో తెర దించి, ఆమెను గట్టు మీదే ఉంచేవారు. మేం కింద ఈదులాడుతుంటే తను లోపలి నుంచి మా కేకలు వింటూ కూర్చునేది.

తర్వాత పొలాలు పోయాయి. వాటిలో రొయ్యల గుంటలు వెలిశాయి, వాగు గుర్రపుడెక్కతో మూసుకుపోయింది. మాకు ఇంటిపేరు మిగిలింది.

జనం రాని వేళ చూసి, తెల్లవారకముందే వెళదామన్నాను.

"ఏందిరా, మళ్లా తెర కడతావా నాకు? జనం ఉండేటప్పుడే పోదాం" అంది అక్క.

నిన్న సాయంత్రం వెళ్లాం. ఎవరైనా పాతవాళ్లు జాలిపడితే ఏమనాలో మనసులో మాటలు కూర్చుకుంటూ, నడుం వంచకుండా కుర్చీ తోసుకుంటూ వెళ్లి బాట మొదట్లో నిలబడిపోయాను. వెనక నుంచి ఒకావిడ గదమాయించింది.

"అన్నా, అట్టా అడ్డం నిలబడమాక! మా నాయన కుర్చీ పోవాల."

అక్క పకపకా నవ్వి, "దిగరా దొరా, దోవియ్యి" అంది.

దిగాను. అక్క నీళ్లలో పాదాలు పెట్టుకుని, ఆ పెద్దాయనతో ఏవో చేపల కబుర్లు చెబుతూ చీకటి పడేదాకా కదల్లేదు. మేమెవరమో తెలిసినవాళ్లు ఆ గట్టున ఒక్కరూ లేరు. అది నొప్పో తెరిపో నాకింకా తేలలేదు. పూడిక తీస్తే వాగైతే వచ్చింది గానీ, అక్క బండిలో కూర్చుని పోగొట్టుకున్న ఆ ఎండాకాలాలను ఎక్కడ తవ్వి తేవాలి?