పేజీలు కోయని నవల

ఎనభైల మొదట్లో, వానలు ముదిరిన ఒక జూన్ నెలలో, పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో నన్ను సహాయ గ్రంథపాలకుడిగా వేశారు. సంవత్సరం కచ్చితంగా చెప్పడం లేదు. ఇందులో నేను చేసిన ఒక తప్పుడు పని ఉంది. పింఛను తీసుకునేవాడు ఆ మాత్రం జాగ్రత్త పడాలి.

తెలుగు పుస్తకాల బాధ్యత నాది. రెండు బీరువాలు. కొత్త పుస్తకం రాగానే చేరిక రిజిస్టరులో వరుస సంఖ్య వేసి, వెనక అట్ట లోపల తేదీల చీటీ అంటించాలి. ఎవరైనా తీసుకెళ్తే చీటీ మీద తేదీ ముద్ర వేసి, రిజిస్టరులో సభ్యుడి పేరు రాయాలి. మిగిలిన సమయమంతా బూజు తుడవడమే.

చేరిన అయిదో ఏట ఏరివేత ఉత్తర్వు వచ్చింది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాన్ని జాబితాకెక్కించి తీసేయాలి. తీసేసినవి తూకానికి పోతాయి. ఖాళీ అయిన అరల్లోకి పోటీపరీక్షల పుస్తకాలు వస్తాయి. ఉత్తర్వులో తప్పేమీ లేదు. గదులు పెరగవు, పుస్తకాలు పెరుగుతాయి. కానీ ఆ జాబితాలో ‘చెట్ల లెక్క’ ఉంది.

శ్రీకాకుళం వైపు ఒక రిటైరైన లెక్కల మాస్టారు సొంతంగా అచ్చు వేయించుకున్న నవల అది. రెండు ప్రతులు ఓడలో పంపాడు, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి నాకు. మనుషులు వదిలేసిన ఒక దీవిలో చెట్లు లెక్కపెట్టడానికి చేసిన మరమనుషుల కథ. ఏటా లెక్క పంపుతారు. అందుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వాళ్ళలో ఒకడు మడచెట్ల మధ్య బురదలో లెక్క పెడుతూ పెడుతూ ఆగిపోతాడు. కాళ్ళకి గుల్లలు పట్టుకుంటాయి, భుజం మీద పక్షి గూడు కడుతుంది. అడవి వాణ్ణి తనలో కలుపుకోవడానికి పట్టిన కాలమే ఆ నవల. వర్ణనలు తక్కువ. మాస్టారు అడవిని కూడా లెక్కల మాస్టారి లాగే చూశాడు. నాకు నచ్చింది అందుకే.

ఆ పుస్తకాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. నేను ఏడుసార్లు తీసుకెళ్ళినట్టు రాశాను. వేర్వేరు తేదీల ముద్రలు, అయిదుగురి పేర్లు. అందులో మూడుసార్లు జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే అప్పన్న పేరే. అతనికి కార్డు ఉండటానికి కారణం నా భార్య సారమ్మ. ఆవిడ బడిలో తెలుగు చెప్పేది. శనివారం మధ్యాహ్నాలు, వలలు బాగుచేసుకునే చోటికి వెళ్ళి పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేది. నేర్చుకున్న ప్రతివాడిచేతా సంతకం పెట్టించి సభ్యుణ్ణి చేసేది. వాళ్ళు కార్డు తీసుకునేవాళ్ళు, పుస్తకం తీసుకునేవాళ్ళు కాదు.

జాబితాలోని పుస్తకాల చీటీలు సరిచూడటానికి ఒక అధికారి వచ్చాడు. హిందీ ఆయన, తెలుగు రాదు. తెలుగు రానివాడు పుస్తకంలో ఏం చూస్తాడులే అని నేను ధైర్యంగా ఉన్నాను. చదవలేనివాడు పుస్తకాన్ని వస్తువుగా చూస్తాడని నాకు తట్టలేదు. ఏడు ముద్రలూ చూశాడు, తల ఊపాడు, తిరగేయబోయాడు. పేజీలు విడలేదు.

చిన్న ప్రెస్సుల్లో అచ్చు కాగితాన్ని మడిచి కుట్టి, అంచు కోయకుండానే పంపేవారు. చదివేవాడు కత్తితో కోసుకుంటూ పోవాలి. మొదటి ముప్ఫై రెండు పేజీలు ఎవరో కోశారు. అక్కణ్ణుంచి చివరిదాకా పైఅంచు కలిసే ఉంది.

ఏడుసార్లు వెళ్ళొచ్చిన పుస్తకం ఇలా ఉందేమిటని ఆయన అడగలేదు. అప్పన్న ఎవరు, అతన్ని పిలిపించండి అన్నాడు. తన ప్యూన్‌నే పంపాడు. నేను బయటికి వెళ్ళే వీలు లేకపోయింది. రిజిస్టరులో తప్పుడు నమోదుకు సస్పెన్షన్. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ముప్పావుగంట సేపు ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

అప్పన్న వల అల్లే సూది చొక్కా జేబులోనే ఉంచుకుని వచ్చాడు. అధికారి పుస్తకం చూపించి, ఇది నువ్వు తీసుకున్నావా అని హిందీలో అడిగాడు. అప్పన్న నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

“తీసుకున్నాను సాబ్.”

చదివావా?

“కహానీ పూరా మాలూమ్ సాబ్,” అని మొదలుపెట్టాడు. సగం హిందీ, సగం తెలుగు. నా అనువాదం ఎవరికీ అక్కర్లేకపోయింది. “చెట్లు గిన్‌తీ చేసే ఇనప మనుషులు సాబ్. ఒకడు మడలో నిలబడిపోతాడు. కాళ్ళకి గుల్లలు పట్టేస్తాయి. పట్టవేటి? మా డోంగీ పడవ అడుక్కే పట్టేస్తాయి. అన్నీ సహీ రాసేడు గానీ ఒకటి గలత్ సాబ్. అమాస నాడు సాయంత్రం నాలుగింటికి పోటు అని రాసేడు. అమాస నాలుగింటికి ఇక్కడ పోటేటి? నీరంతా లాగేసి బురద తేలుతాది. ఆ రాసినోడు సంద్రం కాడ పుట్టినోడు కాదు.”

పోటు సంగతి నవలలో నూట పదో పేజీ తరవాత వస్తుంది.

అధికారి తొణకలేదు. అతుక్కున్న పేజీలు చూపించి, మరి వీటిలోది ఎలా చదివావు అన్నాడు. అప్పన్న పుస్తకం చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. తలెత్తి గోడ మీద, హిందీలోనూ తెలుగులోనూ రాసిన బోర్డు చూశాడు. అక్షరాలు వచ్చాక అతను మా గ్రంథాలయంలో పూర్తిగా చదివింది ఆ ఒక్క బోర్డే. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి వినిపించాడు: “పే-జీ-లు చింప-రాదు. చింపిన-వారి సభ్య-త్వం రద్దు.” తర్వాత అధికారి వైపు తిరిగి, “బోర్డు మీరే పెట్టేరు కద సాబ్. కోస్తే కార్డు పోద్ది. అందుకని ఇలాగ,” అని కింది అంచు దగ్గర మడతను వేళ్ళతో ఉబ్బించి, చేప మొప్ప ఎత్తి చూసినట్టు ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

అధికారి పుస్తకం తీసుకున్నాడు. మడత ఉబ్బించాడు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, తనకు రాని భాషలోకి ఒక కన్నుతో చాలాసేపు చూశాడు. మా అటెండరు బయటికి వెళ్ళి నవ్వి వచ్చాడు.

“చివరికి వాడేమయ్యాడు?” అని అడిగాడాయన, పుస్తకం దించకుండానే.

“కొత్త లెక్కోడు వస్తాడు సాబ్. ఈణ్ణి కూడా చెట్టని రాసేసుకుంటాడు.”

“అంటే తప్పు లెక్క.”

“తప్పే సాబ్. గానీ అక్కడొకడు నిలబడున్న మాట నిజమే కద.”

అధికారి నా వంక చూశాడు. నేను మళ్ళీ ఫ్యాను వంక చూశాను. అది తిరగడం లేదని అప్పుడు గమనించాను. ఆయన కలం తీసి జాబితాలో ‘చెట్ల లెక్క’ కొట్టేశాడు. నా పేరు మీద మాత్రం ఒక మెమో రాశాడు: కొత్త పుస్తకాల పేజీలు కోయకుండా అరల్లో పెట్టి, నిబంధనలకు భయపడే పాఠకులను ఇబ్బంది పెట్టినందుకు. వెళ్తూ వెళ్తూ, ఏడుసార్లూ అందరూ ఇంతే క్రమశిక్షణతో చదివారా అని అడిగాడు. అవునన్నాను. మీ దీవి గొప్పది అన్నాడు.

ఆ సాయంత్రం డాలీగంజ్‌లో మా ఇంట్లో సారమ్మకు మొత్తం చెప్పాను. నా దొంగ నమోదుల సంగతి ఆవిడకు తెలియదు. అప్పన్నకు కథ ఎలా తెలుసో నాకు తెలియదు. ఆవిడ వంటగదిలోంచి మా ప్రతి తెచ్చి ముందు పడేసింది. వచ్చిన రోజే ఆవిడే చేపల కత్తితో కోసి నాకు చదవడానికి ఇచ్చింది, అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. ఆరు శనివారాల పాటు వలల దగ్గర ఆ నవల చదివి వినిపించిందట. ముప్ఫైమంది దాకా కూర్చునేవాళ్ళట. పోటు దగ్గర పెద్ద తగాదా అయిందట.

“నాతో ఒక్క మాట చెప్పుంటే వాళ్ళందరిచేతా నిజంగానే తీయించేదాన్ని కదండీ,” అంది. “అబద్ధాలు రాయడానికి పట్టిన టైములో జంగ్లీఘాట్ వెళ్ళి రావచ్చు. బస్సు కూడా ఉంది.” ఆ వారమంతా గుర్తొచ్చినప్పుడల్లా ఒక కన్ను మూసి నన్ను చూసేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ ప్రతి నా దగ్గరే ఉంది. గ్రంథాలయంలోది నేను రిటైరయ్యేనాటికి ఇరవై మూడుసార్లు వెళ్ళింది. మొదటి ఏడూ తీసేస్తే పదహారు.

ఆ ఉదంతం నాకు వృత్తిలో రెండు సంగతులు నేర్పింది. పుస్తకాన్ని అరలో పెట్టే ముందు పేజీలు కోయాలి. పాఠకులు లేరని రాసే ముందు గది దాటి వెళ్ళి చూడాలి. మొదటిది సర్వీసు చివరిదాకా నేను పాటించాను. రెండోది నా బదులు ఎప్పుడూ ఆవిడే చేసింది.