కన్నెనీళ్ళు మోసే గాస్పర్

గాస్పర్ ఉయికాబ్ తన యాత్రికులను మూడు రకాలుగా విడగొట్టి మరీ అసహ్యించుకునేవాడు. పాత రాళ్ళను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఒక రకం. రాళ్ళకు వీపు తిప్పి తమ ఫోటోలు తామే తీసుకునేవాళ్ళు ఇంకో రకం. పుస్తకాలు చదువుకొచ్చి అతడి తప్పులు దిద్దేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది. పదిహేడేళ్ళుగా ఈ మూడు రకాలనూ వయ్యదోలిద్ పట్నంలో హోటళ్ళ ముందు పొద్దున్నే ఏడింటికి వ్యాన్ ఎక్కించుకోవడం, సాయంత్రం అయిదింటికి అక్కడే దించేయడం అతడి ఉద్యోగం. వ్యానుకు ఎనిమిది మందే. తొమ్మిదో మనిషిని ఎక్కించకపోవడమే తమ గొప్ప అని కంపెనీ చెప్పుకునేది. పొద్దున శిథిలాలు, మధ్యాహ్నం అరిటాకులో చుట్టి కాల్చిన పందిమాంసం, ఎండ వాలాక సెనోతేలో ఈత. సున్నపురాయి నేల కుంగిన చోట, లోతున నిలిచిన నీలం నీళ్ళలో వాళ్ళు కేరింతలు కొడుతుంటే ఇతడు గట్టున కూర్చుని గోళ్ళు గిల్లుకునేవాడు.

కంపెనీ అతడికి ఒక తెల్ల చొక్కా, తోలుచెప్పులు, మెడలోకి ఒక పచ్చరాయి ఇచ్చింది. రాయి ప్లాస్టిక్. ఇంట్లో గాస్పర్ వేసుకునేది ఫుట్‌బాల్ జట్టు బనీను.

కోతలు కోయడంలో అతడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. బంతాట మైదానంలో నిలబడి గెలిచిన జట్టు నాయకుడి తల నరికేవారని ఒకరోజు చెప్పేవాడు, ఓడినవాడి తల అని మరోరోజు. ఏది చెప్పినా ఎనిమిది మందీ "అయ్యో" అనేవారు. "ఈ పిరమిడ్ మెట్లు చెక్కింది మా ముత్తాతల ముత్తాత" అని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. అతడి అసలు ముత్తాత నారతోటల్లో ఆకులు కోసే కూలి. మేస్త్రీ కొరడా దెబ్బలకే పోయాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతడూ చెప్పలేదు. దాంట్లో పిరమిడ్ లేదు కదా మరి.

"ఏం చెప్పినా నమ్ముతారే వెధవలు!" అని రాత్రి భోజనాల దగ్గర పెళ్ళాంతో అని నవ్వేవాడు.

"నమ్మేవాళ్ళే వెధవలా? చెప్పేవాడు కాదా?" అనేది లీహియా, రొట్టె పెనం మీద తిప్పుతూ.

ఇంత కోతలరాయుడికీ సొంతూరు చున్‌కోపోలో ఒక గౌరవం ఉండేది. దాన్ని అతడు కోతలతో సంపాదించుకోలేదు. వానలు పట్టకపోతే ఊరి మగవాళ్ళంతా అడవి అంచున ఆకుల బల్ల కట్టి, మూడు రోజులపాటు చాక్ దేవతలను పిలుస్తారు. పిలిచేది గాస్పర్ మేనమామ దోన్ క్రెసెన్సియో కాన్చే. ఆ పూజలో మొక్కజొన్న జావ కలపడానికి మామూలు నీళ్ళు పనికిరావు, కన్నెనీళ్ళు కావాలి. అంటే ఆడమనిషి కాలు పడని గుహలోంచి, మగవాడు ఒక్కడే దిగి, ఎక్కడా నేల మీద దించకుండా మోసుకొచ్చే నీళ్ళు. ఊరికి పడమట ముళ్ళపొదల్లో ఉన్న బిలం ఒక్కటే అలాంటిది మిగిలింది. పూజ నీళ్ళకు తప్ప అటు ఎవరూ పోరు. ఇరవయ్యో ఏట మామ అతడి నడక చూసి రెండు సొరబుర్రలు చేతికిచ్చాడు. అప్పటినుంచి ఇరవై మూడేళ్ళు అతడే మోశాడు, చుక్క ఒలకలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు అతడిని పేరు పెట్టి పలకరించేది అందుకే.

ఆ జనవరిలో కంపెనీ యజమాని పలోమెక్ కాన్‌కూన్ నుంచి ఊడిపడ్డాడు. ఎండ కళ్ళద్దాలు తీయకుండానే మాట్లాడాడు.

"గాస్పర్, ఉన్న సెనోతేలన్నీ సంతలైపోయాయయ్యా. రబ్బరు ట్యూబులు, ఐస్‌క్రీమ్ బండ్లు! మనవాళ్ళకి ఎవరూ కాలు పెట్టని చోటు కావాలి. అయినా నిన్నడిగి ఏం లాభంలే. మీ చున్‌కోపోలో దుమ్ము తప్ప ఏముంది?"

"ఎందుకు లేదు సార్? ఉంది" అన్నాడు గాస్పర్.

దుమ్ము అన్న మాటకు పౌరుషం పొడుచుకొచ్చి అన్నాడు. పదిహేడేళ్ళుగా తనను ఒక్కసారి కూడా కూర్చోమనని మనిషి ముందు గొప్ప కోసం అన్నాడు. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే అతడి మీద కొంచెం జాలి పడేవాళ్ళం.

పడమటి బిలానికి ఊళ్ళోంచి పోనక్కరలేదు. హైవే మీద వ్యాన్ ఆపి, వెనకవైపు నుంచి పొదల్లో ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. వానలు మొదలయ్యేదాకా పొలాల్లో పని ఉండదు కాబట్టి ఆ దిక్కున మనిషి జాడ ఉండదు. మొదటి గుంపులో అయిదుగురు ఆడవాళ్ళు. బిలం అంచున నిలబడి గాస్పర్ గొంతు బరువు చేసి "మీకంటే ముందు ఏ ఆడమనిషీ ఇక్కడ అడుగు పెట్టలేదు" అన్నాడు. పదిహేడేళ్ళలో అతడు యాత్రికులకు చెప్పిన నిజం అదొక్కటే. రెండో గుంపుకు చెప్పేసరికి అదీ అబద్ధమైపోయింది. అయినా వారానికి రెండుసార్లు, జూన్ దాకా, అదే మాట అదే గొంతుతో చెప్పాడు.

మనసు పీకలేదా అంటే పీకింది. దానికీ ఒక సమాధానం తయారు చేసుకున్నాడు. నియమం మన ఆడవాళ్ళకి. వీళ్ళు పరాయి దేశాలవాళ్ళు, పరాయి భాషలవాళ్ళు. వీళ్ళు లెక్కలోకి రారు. చాక్ దేవతలు పాస్‌పోర్టులు అడిగి చూస్తారని ఇతడికి ఎవరు చెప్పారో తెలియదు కానీ, పాపం యాత్రికులు కూడా ఇంత తేలిగ్గా ఏ కథనూ నమ్మలేదు.

జూలై సగమైనా చినుకు పడలేదు. మోకాలెత్తు మొక్కజొన్న ఆకులు పొద్దున పదింటికే సుళ్ళు చుట్టుకునేవి. లీహియా తమ్ముడు విల్బెర్త్ రెండోసారి విత్తనం వేశాడు. అదీ పోతే ఆ ఏడు రెండు ఇళ్ళలోనూ రొట్టెకు మొక్కజొన్న కొనుక్కోవలసిందే. ఊరంతా అదే పరిస్థితి. ఒక ఉదయం దోన్ క్రెసెన్సియో సొరబుర్రలు పట్టుకుని గాస్పర్ వాకిట్లోకి వచ్చాడు.

"ఒరేయ్ గాస్పరూ, రేపటి నుంచి పూజ. పొద్దున్నే నీళ్ళకి పో. వ్యాను గీను అని వంక పెట్టకు."

"అలాగే మామా" అన్నాడు గాస్పర్. అతడి మొహం పాలిపోవడం మామ గమనించలేదు, లీహియా గమనించింది.

"ఏంటలా అయిపోయావ్? నీళ్ళేగా తెచ్చేది" అంది. "మా కాలు తగిలితే చెడిపోయేంత నాజూకు నీళ్ళంట! జావకి మొక్కజొన్న నానబెట్టేది మేము, రుబ్బేది మేము, మీ పూజ చెమట బట్టలు ఉతికేది మేము. కాలొక్కటే పనికిరాదు. సర్లే, మీ దేవుళ్ళు మీ ఇష్టం. ఆ చేను బతికితే అదే చాలు నాకు."

మర్నాడు గాస్పర్ బిలంలోకి దిగాడు. రాతిమెట్టు మీద గులాబీరంగు జడ క్లిప్పు ఒకటి, ఇంకొంచెం కిందకి ఎవరో గోళ్ళరంగుతో రాసిన రెండు పేర్లు, చుట్టూ గుండె బొమ్మ. నీళ్ళ మీద పల్చని జిడ్డు తెట్టు తేలుతోంది. వాసన చూశాడు. ఎండకు నల్లబడకుండా పూసుకునే కొబ్బరి క్రీము. ఆర్నెల్లుగా తనే అక్కడ కూర్చుని ఆ వాసన పీల్చాడు కానీ, సొరబుర్ర చేతిలో పట్టుకుని పీల్చడం అదే మొదలు.

అప్పుడు అతడి బుర్రలో తిరిగిన ఆలోచనలు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. అంగట్లో సీలు వేసిన నీళ్ళ క్యాను కొని పోస్తే? క్యానులు తెచ్చే లారీ డ్రైవర్ మగవాడే. నింపే మిషన్‌కి ఆడామగా ఉండదు. ఫ్యాక్టరీలో సీలు ఎవరు వేస్తారో మాత్రం తెలియదు. సాక్షాత్తూ చాక్ దేవతలకు క్యాను నీళ్ళు పోయడం గురించి ఆ పెద్దమనిషి పావుగంట సీరియస్‌గా ఆలోచించాడు. చివరికి తెట్టును అరచేత్తో పక్కకు నెట్టి, అడుగునుంచి బుర్రలు నింపుకుని, ఎప్పటిలాగే చుక్క ఒలకకుండా నడిచాడు.

పూజ దగ్గర ఇరవై మంది దాకా మగవాళ్ళున్నారు. భూమిలో గొయ్యి తీసి రాళ్ళు కాలుస్తున్నారు. ఆకుల బల్ల మీద పదమూడు దొప్పలు వరసగా ఉన్నాయి. దోన్ క్రెసెన్సియో ముందురోజు నుంచి పస్తు. బుర్రలు రెండు చేతులతో అందుకుని అందరికీ చూపించాడు.

"చూశారా? ఎలా నింపాడో అలాగే నిండుగా తెచ్చాడు. ఇరవై మూడేళ్ళు! పట్నం నౌకరీ చేస్తున్నాడని మీరెన్ని ఎగతాళి చేసినా, వీడు నా చెల్లెలి కొడుకు."

మామ మొదటి దొప్పలోకి బుర్ర వంచబోయాడు. విల్బెర్త్ కళ్ళు ఆ దొప్ప మీదే ఉన్నాయి. రెండుసార్లు విత్తిన మనిషి కళ్ళవి. ఎనిమిది మంది ముందు పదిహేడేళ్ళు ఆగకుండా వాగిన గాస్పర్ ముందుకొచ్చి మామ మణికట్టు పట్టుకున్నాడు.

"మామా, పోయొద్దు."

"ఏం?"

"ఆ నీళ్ళు పనికిరావు. అందులో ఆడవాళ్ళు దిగారు."

ఇరవై మందీ ఎవరి పెళ్ళాం గురించి వాళ్ళు కంగారుపడ్డారు. "ఎవరి ఆడవాళ్ళురా?" అని అరిచాడు ఒకడు.

"మనవాళ్ళు కాదు. నావాళ్ళు. వ్యాను వాళ్ళు."

"ఎంతమంది?" అన్నాడు దోన్ క్రెసెన్సియో.

గాస్పర్ మనసులో వారాలు లెక్కపెట్టుకున్నాడు. "రెండొందలు ఉంటారేమో."

"రెండొందలా!" అన్నాడు విల్బెర్త్. "ఒకళ్ళో ఇద్దరో అయితే దారి తప్పారనుకుందుం. బావా, నువ్వు తిరనాళ్ళు పెట్టావు కదయ్యా!"

ఎవరో కిసుక్కుమన్నారు. దోన్ క్రెసెన్సియో బుర్రల్లో నీళ్ళు పక్కనున్న ముళ్ళకంప మొదట్లో పారబోసి, ఖాళీ బుర్రలు గాస్పర్ చేతుల్లో పెట్టాడు.

"తికూష్‌కి పో. వాళ్ళ దగ్గర ఇంకా ఒక గుహ ఉంది. నీళ్ళు అడుగు. ఎందుకు అడుగుతున్నావో కూడా నువ్వే చెప్పు. ఇక్కడ రాళ్ళు చల్లారకముందే తీసుకురా. లేకపోతే పూజ లేదు. వ్యాన్ ఎక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను, నడిచే పో."

తికూష్‌తో అడవి హద్దు తగాదా తాతలనాటిది. రెండు ఊళ్ళ మధ్య ఫుట్‌బాల్ ఆట తలలు పగలకుండా ముగిసింది లేదు. గాస్పర్ పది కిలోమీటర్లు ఎండలో నడిచి, ఆ ఊరి పెద్ద దోన్ అనక్లేతో చూల్ వాకిట్లో నిలబడ్డాడు. ముసలాయన నిమ్మచెట్టు కింద చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. పక్కన అతడి కొడుకులిద్దరూ ఉన్నారు.

"చున్‌కోపో వాడివి కదూ? హద్దురాళ్ళు జరపడానికొచ్చావా?"

"నీళ్ళకొచ్చాను తాతా. కన్నెనీళ్ళకి."

"మీకో బిలం ఏడ్చింది కదరా?"

గాస్పర్ చెప్పాడు. చిన్నగా తేల్చేద్దామని చూశాడు కానీ ముసలాయన వదల్లేదు. ఎప్పుడు మొదలెట్టావు, ఎన్నాళ్ళు, ఏ దారిన, వాళ్ళకి ఏం చెప్పేవాడివి, అన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. "మీకంటే ముందు ఏ ఆడమనిషీ రాలేదు" అన్న మాట దగ్గర కొడుకులిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అదే మాటను గాస్పర్ చేత రెండుసార్లు చెప్పించుకున్నారు, గొంతుతో సహా.

"పదిహేడేళ్ళనుంచి ఊరూరి వాళ్ళకి చెవిలో పువ్వులు పెట్టి, ఆఖర్ని నీ చెవిలోనే పెట్టుకున్నావు" అన్నాడు ముసలాయన. నవ్వు ఆగాక చిక్కుళ్ళ బుట్ట పక్కన పెట్టాడు. "మీ మామ అడిగాడంటే కాదనలేను. మీ చేలు ఎండితే మాకొచ్చే లాభమూ లేదు. ఆ బుర్రలు ఇటివ్వు. నా కొడుకులు పోయి తెస్తారు."

"నేనూ వస్తాను తాతా. మోసేది నేనే కదా. దిగడం కూడా నాకు అలవాటు" అన్నాడు గాస్పర్.

"ఎందుకులే."

"పర్లేదు, నాకు అలసట లేదు."

"నీ అలసట ఎవడిక్కావాలి? దారి తెలిస్తే నువ్వు ఊరుకోవు" అన్నాడు దోన్ అనక్లేతో. అందులో కోపం కూడా లేదు. "కుర్చీ వేసుకుని కూర్చో. మంచినీళ్ళు తాగు. తెచ్చాక నీ చేతికిస్తారు, మోసుకుపో."

కొడుకులు బుర్రలు తీసుకుని లేచారు. వాకిలి దాటబోతూ పెద్దవాడు ఆగి, వెనక్కి తిరిగి గాస్పర్‌ని చూశాడు.

"నాన్నా, వీడు చూస్తున్నాడు" అన్నాడు.

"అవును కదూ" అన్నాడు ముసలాయన. "ఏమయ్యా, ఆ కుర్చీ కాస్త గోడవైపు తిప్పుకో."

గాస్పర్ లేచాడు. కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెనక అడుగుల చప్పుడు కుడివైపుకు పోయిందో ఎడమవైపుకు పోయిందో వినబడకుండా, ముసలాయన చిక్కుళ్ళ బుట్టను గట్టిగా గలగలలాడించాడు.