కోటేశ్వరి చెరిగిన సంతకం

మా తోడికోడలు కోటేశ్వరి సంతకం నేర్చుకున్నది బళ్లో కాదు, చాటలో. బియ్యం ఏరడానికి కూర్చున్నప్పుడు ఆ బియ్యాన్నే పలచగా పరిచి, వేలితో అక్షరాలు దిద్దించాను. నేను చదివింది రెండో తరగతి. అయితేనేం, రాజుపాలెంలో మా ఇంటికి నేనే పంతులమ్మను!

కలం ఎందుకు పట్టలేదంటారా? దానికి కారకుడు ఆమె మొగుడు, నా మరిది సాంబయ్య. లారీ తోలిన మనిషి. సంతకం చివర తోక తిప్పి, తోక కింద రెండు చుక్కలు పెడతాడు. అంత గొప్ప! పెళ్లైన కొత్తలో కోటేశ్వరి సరదాపడి కలం పట్టి ఒక్క అక్షరం గీస్తే, "ఏందే ఇది, ఎండ్రకాయ నడిచిపోయిందా?" అని వీధంతా వినపడేలా నవ్వాడు. అంతే, కలం విసిరికొట్టింది. రెంటచింతల పిల్ల కదా, అక్కడి ఎండ ఎంతో ఆమె కోపం అంత. ఆ తర్వాత మిరపకోతల కూలి దగ్గరైనా, రేషన్ కొట్టు దగ్గరైనా వేలిముద్రే.

అందుకే చాట చదువు మొగుడికి తెలియకుండా సాగింది. సాంబయ్య చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చాట ఎత్తి ఒక్క చెరుగు చెరిగేది. రాసిందంతా బియ్యంలో కలిసిపోయేది.

"ఏమే, ఎంతసేపు ఏరతావే ఆ బియ్యం?" అనేవాడు.

"నీ పళ్లు ఊడకూడదనే మావా!" అనేది. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఇంతలో ఆమె కుడికంటికి శుక్లం ముదిరింది. ఎడమ కన్నూ అంతంత మాత్రమే. నరసరావుపేటలో కంటి ఆపరేషన్ అన్నారు. ముందు రోగి సంతకం కావాలన్నారు. ఆ మాట వినగానే ఆమెకు కన్ను భయం పోయి సంతకం సంబరం పట్టుకుంది. బస్సులో నా చెవి కొరికేసింది.

"అక్కా, నా కంటికి నేనే సంతకం పెడతా. ఈయన పెడితే మటుకు ఆపరేషన్ బల్ల దిగొస్తా!"

ఆసుపత్రిలో జుబేదా అనే అమ్మాయి ఆపరేషన్ సంగతంతా చదివి వినిపించింది. కాగితం లేదు, కలం లేదు. పళ్లెమంత అద్దం పలక ఒకటి చేతిలో పెట్టింది.

"ఇది ట్యాబ్, పెద్దమ్మా. ఏలితో రాయండి. డాక్టరు గారు పిలిచేలోపు అయిపోవాల."

"ఏలితోనా?" అప్పుడు కోటేశ్వరి ముఖం చూడాలి మీరు! పలక ఒళ్లో పెట్టుకుంది. కో రాసింది. టే రాసింది. శ దగ్గర ఊపిరి బిగబట్టి కింద వ వత్తు తగిలించింది. ర రాసి గుడి పెట్టింది. సరిగ్గా అప్పుడే సాంబయ్య వెనక నుంచి మెడ సాచాడు.

"ఏందే రాస్తన్నావ్?"

రెండు చేతులతో పలక ఎత్తి ఒక్క చెరుగు చెరిగింది!

"అమ్మో! పెద్దమ్మా, అది చాట కాదు!" జుబేదా కెవ్వుమంది. "ఊపితే రాసిందంతా చెరిగిపోద్ది!"

పలక తెల్లగా మిగిలింది. సాంబయ్య నోరు తెరిచాడు. "ఇది సంతకం ఎప్పుడు నేర్చింది వదినా?"

"నువ్వు తిన్న అన్నమంతా దాని పేరేరా!" అన్నాను.

మళ్లీ రాసింది. సాంబయ్య దగ్గాడు. మళ్లీ చెరిగింది! ఈపూరు నుంచి వచ్చిన ముసలాయన ఒంటికన్ను కట్టుతోనే, "ఏమ్మా, రాళ్లు చానా ఉన్నయ్యా అందులో?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

జుబేదా మటుకు పలక లాక్కుంది. "అది కింద పడితే నా ఉద్యోగం పోద్ది. ఇందులో ఏలిముద్ర పడదు, సంతకం రానోళ్లకి ఇంటోళ్లు పెట్టొచ్చు. బాబాయ్, మీరు పెట్టండి."

సాంబయ్య వేలు చాచాడు. కోటేశ్వరి ముఖం వాడిపోయింది.

"నా కంటికి నీ తోకా?" అంది.

సాంబయ్య తన వేలి వంక చూసుకున్నాడు. దాన్ని మడిచేశాడు. పలకను బల్ల మీద పెట్టి, స్టీరింగ్ పట్టిన ఆ రెండు చేతులతో అటూ ఇటూ అదిమిపట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"రాయవే. నేను చూడను."

"ఎండ్రకాయ అనవుగా?"

"అననే తల్లీ, కానియ్! లోపల పిలుస్తన్నారు!"

రాసింది. గుడి పెట్టీ పెట్టగానే ఆమె చేతులు వాటంతట అవే పలక ఎత్తబోయాయి. బల్ల అదిరింది గానీ పలక కదల్లేదు. జుబేదా టక్కున నొక్కేసి, "పడింది!" అని గంతేసింది. ముసలాయన చప్పట్లు కొట్టాడు. కోటేశ్వరి పెళ్లికూతురిలా తలెత్తుకుని ఆపరేషన్ గదిలోకి నడిచింది.

మర్నాడు కట్టు విప్పారు. జుబేదా మురిసిపోతూ ట్యాబ్ తెచ్చి ఆ సంతకం చూపించింది. కోటేశ్వరి దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఇది నేను రాసిందేనా? ఏందక్కా, నిజంగానే ఎండ్రకాయ నడిచినట్టుందే!"

"నేనేం అన్లేదు!" అని సాంబయ్య రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఇటియ్యమ్మాయ్," అంటూ ఆమె ట్యాబ్ కోసం చేతులు చాచింది. "చెరిగి మళ్లీ రాస్తా."

జుబేదా ట్యాబ్‌ను గుండెకు హత్తుకుని లోపలికి ఒకటే పరుగు!